పారబోసిన కూర

గరిటమ్మ బఠాణీ గింజను వేళ్ల మధ్య నొక్కి చూసింది. మెత్తగా చితికితేనే దించుతుంది. పలుకుంటే పసిపొట్టలు ఉబ్బుతాయి. పంతొమ్మిదేళ్లుగా ఆ శిశువిహారంలో అరవైమందికి శాకాహారం వండుతోంది. చేతులనిండా కాలిన మచ్చలు. నోరు మహా చెడ్డది. ఆకుకూర వదిలిన పిల్లలకి గరిట చూపించేది. పేరు అలా వచ్చిందే.

కొత్త మేనేజరు డబ్బా పట్టుకుని వచ్చాడు.

"పిల్లలు పుల్లల్లా ఉన్నారని తల్లులు నా ప్రాణం తీస్తున్నారు. మాంసం ఎలాగూ పెట్టం. ఈ వేరుశెనగ పొడి కలుపు."

"రెండుజడల పిల్లకి అది పడదు. పోయినేడు ఒక్క పలుక్కే మొహం ఉబ్బి ఊపిరాడలేదు. బలానికి బఠాణీలు, పాలు, పెరుగు పెడుతున్నాగా."

"దానికి వేరే వండు."

"ఉన్నది ఒక పొయ్యి, ఒక గరిట. ఎక్కడో అక్కడ అంటుకుంటుంది."

"వంట చెయ్యమంటే వైద్యం చెప్తావేం?" అంటూ డబ్బా మొత్తం కూరలో గుమ్మరించి వెళ్లాడు.

గరిటమ్మ మసిగుడ్డతో గిన్నె చెవులు పట్టుకుని, నడుం పట్టేస్తున్నా ఈడ్చుకెళ్లి, కూరంతా పెరట్లో పారబోసింది. గిన్నె, గరిట, గట్టు, చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగింది. మళ్లీ ఎసరు పెట్టింది.

పిల్లలు గంటన్నర ఆలస్యంగా తిన్నారు. రెండుజడల పిల్ల ఉప్పెక్కువైందని మూతి తిప్పింది.

"నోర్మూసుకుని తిను," అంది గరిటమ్మ. పళ్లెం ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

సాయంత్రం ఆ పిల్ల తల్లే విరుచుకుపడింది. "పసిపిల్లల్ని ఆకలికి మాడుస్తావా? నీ కడుపు కాలితే తెలుస్తుంది!"

"రేపట్నుంచి ఈవిడ రాదు లెండి," అన్నాడు మేనేజరు.

గరిటమ్మ అతని వంక చూడలేదు. తల్లి కళ్లలోకే చూసింది.

"కూరలో వేరుశెనగ పోశాడీయన. పారబోసి మళ్లీ వండాను. రేపు నేనుండను. నీ పిల్లకి తిండి ఇంటినుంచే పంపు."

తల్లి పిల్లను చంకనేసుకుని, మేనేజరును తోసుకుంటూ వెళ్లిపోయింది. గరిటమ్మకో మాటైనా చెప్పలేదు. గరిటమ్మ ఎదురుచూడనూ లేదు. చెప్పులేసుకుని పెరటి గుమ్మంలోంచి దిగిపోయింది.

చీకటి వంటగదిలో, మరునాటికని ఆమె నానబోసిన బొబ్బర్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతూ, గిన్నె మీది మూతను కొద్దికొద్దిగా పైకి లేపుతున్నాయి.