బ్యాంకాక్‌లో తిన్న మామిడి

నా భార్య సీత పండుగ కాకముందే కొత్త మామిడి తిన్నది. అది తప్పు. బ్యాంకాక్‌లో తిన్నా తప్పే.

మాది కోంటా దగ్గర ఎర్రబోరు అనే అడవి ఊరు. ఊరి పూజారి భూమి తల్లికి కొత్త కాయ పెట్టేదాకా మా ఇళ్ళల్లో ఎవరూ మామిడి నోట పెట్టరు. రాలిన కాయ కూడా ముట్టరు. పసిపిల్లలకూ తెలుసు.

ఆ బ్యాంకాక్ అంటే సీతకు పిచ్చి. జగదల్‌పూర్‌లో నర్సుగా చేసే మా కూతురు పూనం ఒకసారి ఫోన్లో చూపించింది. ఏటి మీద పడవలు, పడవల నిండా పండ్లు, కూరగాయలు. అప్పటినుంచి చింతపండు గింజలు తీస్తూ కూడా అదే చూసేది. మా శబరి ఏటి ఒడ్డున పుట్టిన మనిషి. దీపాలు పెట్టిన శబరి అనేది ఆ ఏటిని. చివరికి పోయిన ఏప్రిల్‌లో పూనం, అల్లుడు ముకేష్ మమ్మల్ని తీసుకుపోయారు.

ఆ ఊరు బాగుంది. లేదనను. పడవ కదులుతుంటే ఒడ్డు మీది ఇళ్ళే మెల్లగా నడిచిపోతున్నట్టుండేది. బంగారు గోపురాలు నీళ్ళలో తలకిందులుగా వణికేవి. ఎవరి మాటా మాకు అర్థం కాదు. అయినా సీతను చూసి అందరూ చేతులు జోడించేవారు. ఆమె చెయ్యి నీళ్ళలో వేసి, నిద్రలో ఉన్నదానిలా కూర్చునేది.

ఒక పడవలో ముసలావిడ మామిడిపండు కోసి అన్నంతో కలిపి అమ్ముతోంది. పూనం కొన్నది. మన ఊళ్ళో ఇంకా పండుగ కాలేదు, వద్దన్నాను.

"ఈడికి మన పూజారిని యాడికెళ్ళి తెద్దాం మామా? ఆయనకు పాస్‌పోర్టే లేకపాయె," అన్నాడు ముకేష్. పూనం నవ్వింది. సీత నవ్వలేదు.

ఒడ్డున స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంది. దానికి పూలదండ, ముందు గిన్నెలో మామిడి ముక్కలు. సీత దానివైపే చాలాసేపు చూసింది.

"చూడయ్యా, ఈడోళ్ళు వాళ్ళ భూమికి పెట్టిన్రు. ఈడ పండుగ అయినట్టే గదా."

"మన పూజారి పెట్టలే."

"ఈ చెట్టు మన భూమిల మొలవలే గదయ్యా."

తిన్నది. కళ్ళు మూసుకుని తిన్నది. రసం మోచేతి దాకా కారింది. ఒక ముక్క నా వైపు చాపింది. నేను మొహం తిప్పుకున్నాను. పడవ వంతెన నీడలోకి పోయి మళ్ళీ ఎండలోకి వచ్చేదాకా ఆ ముక్క అట్లాగే పట్టుకుని ఉంది. తర్వాత తనే తిన్నది.

వానాకాలంలో సీతకు జ్వరం వచ్చింది. కోంటా దగ్గర శబరి పొంగి ఆసుపత్రికి పోయే రోడ్డు మునిగింది. నీళ్ళు తీసేసరికి సీత లేదు. మలేరియా మెదడుకెక్కిందని పూనం అంటుంది. ఏం జరిగిందో నాకు తెలుసు, ఆ మామిడి తిన్నందుకే పోయింది. ఊరికి అదే చెప్పాను.

మధ్యాహ్నం కునుకు పడితే ఆ బ్యాంకాక్ ఏరు కలలోకి వస్తుంది. చప్పుడు ఉండదు. సీత పడవలో చెయ్యి చాపి ఉంటుంది. నేను ఒడ్డున ఉంటాను.

ఈ ఏడు మామిడి పండుగకు పూనం వచ్చింది. పూజారి కాయ పెట్టాడు. అందరం తిన్నాం, ఆమె ముట్టలేదు. పెద్దల ముందే నా పక్కన కూర్చుంది.

"అమ్మ తప్పు చేయలేదని ఒక్క మాట అను నాయనా. నువ్వంటే ఊరు ఇంటది."

"తప్పు తప్పే," అన్నాను.

బస్సు ఎక్కేముందు మళ్ళీ అడిగింది. ఆమె సంచి బస్సులోకి అందించాను. ఇక కూతురు అడిగినా, ఊరు అడిగినా, ఆ పడవలోంచి సీతే అడిగినా ఈ సంగతి మీద నోరు విప్పను.