కుడి జేబు

ఎడమ జేబు ఆటది, కుడి జేబు ఇంటిది. పోకర్ బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజే సెలూన్ బాబాయి తనకు తాను పెట్టుకున్న కట్టడి ఇది. ఎడమది ఖాళీ అయితే చెప్పులేసుకోవడమే. కుడి జేబులో దువ్వెన తప్ప ఏమీ ఉండేది కాదు.

ఈ సెలవు రోజు మాత్రం అందులో సెలూన్ అద్దె ఉంది. రేపటికల్లా కట్టకపోతే షాపుకి తాళమేనని యజమాని ముందే చెప్పాడు. తీరా వెళ్తే ఆయన ఇంటికే తాళం. డబ్బు అక్క చేతిలో పెడదామని బయల్దేరినవాడు, దారిలో ఒక్క ఆట ఆడిపోదామని ఆగాడు.

మొదటి ఆటలోనే ఇనుప కొట్టాయన చెత్త ముక్కలు పట్టుకుని, పందెం పెంచి పులిలా గాండ్రించి, బాబాయి ముక్కలు పడేసి పారిపోయేలా చేశాడు. ఆపైన ముక్కలు తిప్పి చూపించి మరీ నవ్వాడు. అప్పుడే లేవాల్సింది. ఆ నవ్వు కడుపులో నిప్పై కూర్చుంది.

ఇప్పుడు చేతిలో రెండు రాణులు, బల్ల మీద పరిచిన ముక్కల్లో మరో రాణి. ఎడమ జేబులో చివరి నోటూ బల్ల మధ్యకు పోయింది. ఇనుప కొట్టాయన తన ముందున్న డబ్బు కుప్పంతా ముందుకు తోశాడు.

“ఏం బాబాయ్, కత్తెర ఆడట్లేదే?”

“కాస్త ఆలోచించుకోనివ్వండి.”

“ఆలోచనకేం, ఊరికే వస్తుంది. నా ముక్కలు చూడాలంటేనే డబ్బు. అయినా ఆ కుడి జేబులో పిట్టని దాచావా ఏంటి, అలా పట్టుకున్నావ్?”

బల్ల చుట్టూ నవ్వులు.

చెయ్యి ఎప్పుడు జేబులోకి దూరిందో బాబాయికే తెలీదు. పాము పుట్టలో వేలు పెట్టినట్టు గుండె ఝల్లుమంది. గబుక్కున లాగాడు. నోట్లు చేతితోపాటే వచ్చాయి. చెయ్యి వణుకుతోంది.

వణికే చేత్తో గడ్డం గీయకూడదని నాన్న మొట్టమొదట నేర్పాడు. “కత్తి కింద ఉన్న గొంతు నీది కాదురా!” అనేవాడు. ఇక్కడ గొంతు తనదే. కత్తీ తనదే.

“నేను తప్పుకుంటున్నా.” రాణుల్ని బోర్లా తోసేశాడు.

“నా దగ్గరేమున్నాయో చూపించనా?”

“వద్దండీ బాబూ! చూశానంటే మళ్లీ కూర్చుంటా.”

వీధిలో పడ్డాక భయం తగ్గుతుందనుకున్నాడు. అది చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెంటే వచ్చింది. మలుపు మలుపుకీ కాళ్లు వెనక్కి లాగాయి. మూడు రాణులు... ఓడేవా? గెలిచేవేమో! అక్క ఇంటి మెట్లు చేరేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

“అక్కా, ఇది దాచు. రేపు ఇద్దరం కలిసెళ్లి కడదాం. ఈలోగా నేనడిగితే ఇవ్వకు.”

“బతిమాలినా?”

“ఏడ్చినా.”

అక్క అతని ముఖంలోకి ఒకసారి చూసి, నోట్లు కొంగున ముడేసుకుని వీధి తలుపు గడియ పెట్టింది. బాబాయి గోడకి చేరగిలబడ్డాడు. చెయ్యి మళ్లీ ఖాళీ కుడి జేబులోకే దూరింది. వెతుకుతోంది.