బర్రెల నెత్తురు తీసినంక

బర్రె మళ్లీ ముక్కింది. రిబ్కమ్మ దాని తోక పక్కకు పట్టుకుని నిలబడింది గానీ, నడుము నొప్పి నిలబడనిచ్చేలా లేదు. పొద్దెక్కుతున్నకొద్దీ ఒంట్లో జ్వరమూ ఎక్కుతోంది. పోయిన నెల నుంచీ ఇదే తంతు. చెమటలు పట్టి తగ్గినట్టే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది.

ఇంకా రెండు నెలలు కడుపులో ఉండాల్సిన దూడ ఇవాళే బయటికొస్తానంటోంది. పోయిన నెల పక్క బర్రెకూ ఇలాగే నెలలు నిండకుండా దూడ పడిపోయింది. చచ్చిన ఆ దూడనూ మాయనూ రిబ్కమ్మే వట్టి చేతులతో తీసి, చేను గట్టున పాతిపెట్టి వచ్చింది. వీరభద్రప్ప పటేలు కొట్టంలో ఏ బర్రె ఈనినా చెయ్యి ఆమెదే. అంతకుముందు ఆమె అత్తది. అందుకు దక్కేది చెంబెడు జున్నుపాలు. తాతల కాలంలో ఆమె ఇంటివాళ్లు బాప్తిస్మం తీసుకుని దేవుణ్ణి మార్చుకున్నారు గానీ, చచ్చిన దూడను ఎవరు ముట్టాలన్నది మాత్రం ఈ ఊళ్లో ఎవరూ మార్చలేదు.

కోడలు షైనీ వేడినీళ్ల బకెట్ తెచ్చి కింద పెట్టింది. ఐదో నెల కడుపు. జ్వరంతో ఉన్న అత్తను ఒక్కదాన్నే పంపలేక వద్దంటున్నా వెంటబడి వచ్చింది.

అంతలో కొట్టం గడప అవతల నిలబడ్డ వీరభద్రప్ప ఫోను మోగింది. ఆయనకు చెవులు మందం, ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు. పోయిన వారం నారాయణఖేడ్ నుంచి వచ్చి బర్రెల మెడనరంలోంచి నెత్తురు తీసుకుపోయిన పశువుల డాక్టరు శైలశ్రీ గొంతు కొట్టమంతా వినబడింది.

"అప్పా, నెత్తురు పరీక్ష వచ్చింది. మీ రెండు బర్రెలకు బ్రూసెల్లా ఉన్నది. కడుపు పోయే రోగం. మనుషులకు గూడ అంటుకుంటది. గ్లౌజులు లేకుండ ఎవ్వరు ముట్టద్దు. కడుపుతోని ఉన్నోళ్లను కొట్టం దిక్కు రానియ్యకుండ్రి. కంగ్టి ఊర్ల ఉన్న, జల్దీ వస్త."

"సరె, సరె" అని వీరభద్రప్ప ఫోను జేబులో వేసుకున్నాడు. వెనక నిలబడి తొంగి చూస్తున్న మనవరాలు అక్షతను రెక్క పట్టి ఇంటివైపు నడిపించాడు.

"ఇంట్లకు పో బిడ్డ. ఈ దిక్కు రావద్దు. సబ్బు వెట్టి చేతులు కడుక్కో."

ఆ తర్వాత తీరిగ్గా ఇటు తిరిగాడు. "ఏం చూస్తున్నవే రిబ్కా? చెయ్యి వెట్టు."

రిబ్కమ్మకు ఒళ్లు మండిపోయింది.

"డాక్టరమ్మ చెప్పింది నాక్కూడ వినవడ్డది పటేలా."

"గామె అట్లనే భయపెడ్తది. ఇన్నేండ్లు చెయ్యలేదా? ఏమైంది నీకు?"

"నెల సంది జరం. నడుము లేస్తలేదు. గీ రోగమేనేమో, ఎవలకెర్క? బర్రెలకు నెత్తురు తీసిండ్రు. నాకెవలు తీసిండ్రు?"

"దవాఖానకు తర్వాత పోదువు తియ్యి. నీకు చాతగాకుంటె నీ కోడల్ని దిగమను."

షైనీ కొంగు నడుముకు చెక్కుకుంది. "నేను చేస్త అత్తా. పాపం, బర్రె పరేషాన్ అయితుంది."

రిబ్కమ్మ తోక వదిలేసి కోడలి మణికట్టు పట్టుకుంది. "బయటికి నడువు."

బర్రె అరిచింది. దూడగా ఉన్నప్పటి నుంచీ తన చేతి గడ్డి తిని పెరిగిన బర్రె అది. రిబ్కమ్మకు ఏడుపొచ్చింది. చేతులు వాటంతటవే బర్రె వైపు పోబోతుంటే ఒకదాన్ని చంకలో దోపుకుని, రెండోదానితో కోడల్ని పట్టుకుని గడప దాటింది.

"బర్రె చస్తదే! రేపటి సంది పనికి రాకు మరి."

"రేపటిది రేపు చూస్త. గ్లౌజులు రానీ. ముందుగాల నా నెత్తురు తియ్యనీ. గప్పటిదాంక నేను చెయ్యి వెట్ట, నా కోడలు వెట్టదు. నీక్కూడ రెండు చేతులున్నయి గద పటేలా."

లోపల బకెట్లో నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. బర్రె ముక్కింది. ఈసారి చిన్న గిట్టలు రెండు బయటికి కనిపించాయి.

వీరభద్రప్ప తన చేతుల వంక చూసుకున్నాడు. ధోవతికి తుడుచుకున్నాడు. గడప మాత్రం దాటలేదు.