సీసాలో ఒక్కపొద్దు

దసరా ఆయుధపూజకని నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ల్యాబులో అలమారా దులుపుతుంటే, శ్రీపతికి మూలన ఒక సీసా దొరికింది. మూత మీద మైనం. చీటీ మీద తన చేతిరాతే: అహల్య, 1966. నిరుడు పరీక్షకు తెచ్చిన తన భార్య కళ్లెలోంచి పెంచిన క్రిములు. ఎప్పుడో ఉడకబెట్టి పారేయవలసింది.

గుడ్లు కొట్టి, టీబీ క్రిములకు సీసాల్లో పచ్చటి మేత తయారుచేయడం శ్రీపతి పని. గుడ్డు ముట్టిన చేతులని రోజూ ఇంటికెళ్లి తలస్నానం చేసేవాడు. ఈ సీసాలో మేత చెప్పుతోలులా ఎండిపోయింది.

"సచ్చినయి గదా సార్?" శ్రీపతి సీసాను ల్యాబు డాక్టరుకు చూపించాడు.

"జర సూద్దాం," అన్నాడు డాక్టరు. చిటికెడు గీరి కొత్త మేత మీద రుద్ది, వెచ్చటి పెట్టెలో పెట్టాడు. ఆ పెట్టెకు బొట్టు పెట్టి శ్రీపతి దండం పెట్టుకున్నాడు.

ఇంట్లో అహల్య ఏడాదిన్నర మింగాల్సిన మాత్రలు పదకొండో నెలకే మానేసింది. దగ్గు పోయింది. "కార్తీకమంతా ఒక్కపొద్దుంట, పాలూ పండ్లే. గింజ దొరక్కపోతే లోపలిది అదే సస్తది," అంది. పుణ్యమూ ఆరోగ్యమూ రెండూ వస్తాయనుకొని శ్రీపతి సరేనన్నాడు.

కార్తీకం రెండో సోమవారం డాక్టరు పిలిచాడు. కొత్త మేత నిండా రొట్టెపొడి రాలినట్టు లేతపసుపు గింజలు.

"బతికే ఉన్నయి సూడు. కరువొస్తే పెరుగుడు బంద్ చేస్తయి. ఆ కరువుకు పనికొచ్చే ప్రోటీన్లే చేసుకొని కూసుంటయని ఇప్పుడిప్పుడే అంటున్నరు. ఊపిరితిత్తుల్ల గూడ గట్లనే ఉండొచ్చు. పండుకున్నదానికి మందు సరిగ పట్టది. మనిషి బక్కచిక్కితే మళ్లా లేస్తది."

"ఎన్నేండ్లు పండుకుంటయి సార్?"

"ఎవరికెరుక?"

అబిడ్స్ మీదుగా ఇంటికి నడుస్తూ శ్రీపతి ఆలోచించాడు. ఇంట్లో ఒక్కపొద్దున్నది అహల్య ఒక్కతే కాదు. ఆమె కన్నా నిష్ఠగా లోపల ఇంకెవరో ఉంటున్నారు. అంత ఓపిక ఆ క్రిములకిచ్చింది ఎవరు? దేవుడే అయితే, ఎందుకిచ్చినట్టు?

అహల్య తులసి ముందు దీపం పెడుతోంది. దగ్గు లేదు. ఆ నిశ్శబ్దానికే అతనికి భయమేసింది.

"ఒక్కపొద్దు ఇడువు అహల్యా. లోపలిది సావలే, పండుకున్నదంతే. అన్నం తిని మాత్రలు మింగు."

"సిత్రమున్నది! గింజ పెడితే అది లేస్తది గద?"

"లేవనీ. లేస్తెనే మందుకు దొరుకుతది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కంచం ముందు కూర్చుంది. రెండో ముద్దకు గొంతులో ఏదో కదిలినట్టయి, చిన్నగా దగ్గింది.

అహల్య మాత్రల కోసం ఎడమచేయి చాపింది.