హారతి ఎటువైపు కూర్చోవాలి

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు హారతి సత్యనారాయణపేటలోని ఇంటి నుంచి బయటికి వచ్చి ఆటో ఎక్కింది. వెంట కూతురు శ్రుతి ఉంది. పదిన్నరకు హారతికి ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాల పరీక్ష. పదకొండుకు ఇంట్లో శ్రుతి పెళ్లి మాట ఖాయం చేసుకోవాలి. చెప్పకుండా వెళ్లిందని తర్వాత అన్నారు. అది నిజం కాదు. వంటింట్లో నిలబడి, "నేను పరీక్షకు పోతాండా, శ్రుతిని తీసుకోని పోతాండా" అని చెప్పింది. "పోదువులేమ్మా, ముందు ఆ ఉగ్గాని దించు, అడుగంటతాది" అంది అత్త హనుమమ్మ. హారతి ఉగ్గాని దించింది. చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

హారతికి ముప్పై ఆరేళ్లు. ఆమె కేటగిరీకి వయసు పరిమితి ముప్పై ఎనిమిది. ఈ ఉద్యోగాలకు ప్రకటన మూడు నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది. కాబట్టి ఆమెకు ఇదే చివరి పరీక్ష. ఈ సంగతి ఇంట్లో తెలియక కాదు. "పరీక్ష యాడికి పోతాది, మల్లా వస్తాది" అని భర్త విక్రమ్ అన్నప్పుడు ఆమె రెండుసార్లు వివరించింది. రెండోసారి అతను, "దోణిమలై గనులకి నాలుగు లారీలు తిరుగుతాండాయి. ఇంట్లో గుమాస్తా పని నువ్వే చేస్తాండావు గదా. ఇంగేం గుమాస్తాగిరి గావాల నీకు?" అన్నాడు. నవ్వించడానికి అన్న మాట. అందరూ నవ్వారు. లారీల పర్మిట్లు, డ్రైవర్ల బత్తా, డీజిల్ చీటీలు పదేళ్లుగా ఆమే చూస్తోంది. ఆ పనికి ఇంట్లో పేరు లేదు. "ఊరికే కూర్చోనుంటాది గదా, రాస్తాది" అంటారు.

బడిలో చదువుకున్న కన్నడం, సామాన్య జ్ఞానం అంటే ఆమెకు భయం లేదు. తర్కం ప్రశ్నల్లోనే వేగం కావాలి. ఒక్కో ప్రశ్నకు నిమిషం దొరకదు. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. చదువుకోవడానికి వేరే సమయం లేదు కాబట్టి జొన్నరొట్టెలు చేస్తూ చదివింది. పొయ్యి పక్క గోడకు ప్రశ్నల కాగితం అంటించుకుంది. రొట్టె పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది, తిరగేసేలోపు ఒక ప్రశ్న తేల్చాలి. మొదట్లో రొట్టెలు మాడాయి. "ఏమే, ఇంట్లో చదువు కంపు కొడతాండాది" అంది హనుమమ్మ. రెండు నెలలకు రొట్టెలు మాడటం ఆగింది. దిక్కులు, కోడింగ్, గుండ్రబల్ల చుట్టూ ఎవరెక్కడ కూర్చున్నారో చెప్పేవి, ఎదురెదురు వరుసలు, అన్నీ రొట్టె తిరగేసేలోపు తేలిపోయేవి. రక్తసంబంధాల ప్రశ్నలు మాత్రం తేలేవి కావు. అక్కడ ఆమె ఆగిపోయేది. ఆగి, తప్పు రాసేది.

శనివారం మధ్యాహ్నాలు హొన్నప్ప సార్ తన శిక్షణ కేంద్రంలో నమూనా పరీక్షలు పెడతాడు. ఒక శనివారం వచ్చిన ప్రశ్న ఇది. కిరణ్ తల్లి గీత. గీత తమ్ముడు మోహన్. మోహన్ భార్య రాధ. కిరణ్‌కు రాధ ఏమవుతుంది? అత్త, అక్క, వదిన, చెప్పలేం. హారతి "చెప్పలేం" అని గుర్తు పెట్టింది.

"ఇంత సులభంది ఎట్ల పోయిందమ్మా?" అని అడిగాడు సార్.

"అక్క కూడా కావచ్చు గదా సార్. మా తమ్ముడు జీవన్ ఉండాడు. వాని తల్లి మా అమ్మ. మా అమ్మ తమ్ముడు మా ఆయన. మా ఆయన భార్యను నేను. నేను జీవన్‌కి అక్కను."

క్లాసులో పిల్లలు నవ్వారు. వాళ్లు ఆమె కంటే పదీ పదిహేనేళ్లు చిన్న. హొన్నప్ప సార్ నవ్వలేదు.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. నేను చేసుకుండేది మా అక్క కూతుర్నే. కానీ కొశ్చెన్లో ఉండేవాళ్లు మన పక్కోళ్లు కాదు. వాళ్లల్లో మేనమామను చేసుకునే ఆచారం లేదనుకో. బొమ్మలో ఒక మనిషికి ఒకటే చోటు. అదే మనిషి రెండు చోట్ల వచ్చినాడంటే నువ్వు తప్పు గీసినావని అర్థం. కొట్టేసి మల్లా గీ." వెళ్లబోతూ ఇంకో మాట చెప్పాడు. "ముందు చివరి వాక్యం చదువు. ఎవరికి ఎవరు అని అడిగినాడో చూడు. ఆ ఇద్దరి మధ్య దారి మాత్రమే గీసుకో. వంశమంతా గీసుకుంటా కూర్చుంటే టైం అయిపోతాది."

ఆ వారం ఆమె ప్రశ్నల్లోని మనుషులను పరాయివాళ్లు అనుకుంటూ గీసింది. వేగం వచ్చింది. గీసేకొద్దీ ఒక విషయం కనిపించింది. ఆ బొమ్మల్లో ప్రతి పెళ్లి గీతా రెండు కుటుంబాలను కలుపుతుంది. పెళ్లయిన ప్రతి ఆడమనిషికీ పక్కన ఒక ఇల్లు, పైన వేరొక ఇల్లు ఉంటాయి. ఒక రోజు రొట్టెలయ్యాక, పొయ్యి ఆర్పి, కాగితం వెనక వైపు తన ఇంటి బొమ్మ గీసింది. హనుమమ్మ కింద తన అమ్మ ప్రమీలమ్మ, విక్రమ్. ప్రమీలమ్మ కింద తను, జీవన్. పెళ్లి గీత తన దగ్గర మొదలై ఏటవాలుగా పైకి పోయి విక్రమ్ దగ్గర ఆగింది. అత్తగారింటి వైపు నుంచి పైకి పోతే హనుమమ్మ వచ్చింది. పుట్టింటి వైపు నుంచి పైకి పోతే హనుమమ్మే వచ్చింది.

పద్దెనిమిదేళ్లకు పెళ్లి చేశారు. "బయటికిస్తే ఎట్లాంటోళ్లో ఏమో. ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటాది" అన్నారు. పెళ్లి మర్నాడు హారతి ఎప్పటిలాగే "అవ్వా" అని పిలిస్తే, ఆమెకు తల దువ్వి జడలు వేసిన హనుమమ్మే, "ఇంగ అవ్వ లేదు. అత్తా అను. నలుగురు వింటారు" అంది. మూడో ఏట ఒక సహకార సొసైటీలో ఆమెకు క్యాషియర్ పని వచ్చింది. ఆమె చేరాల్సిన రోజున విక్రమ్ వెళ్లి, మా ఇంటామె రాదు అని చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగితే అన్నం ముందు నుంచి లేచి పళ్లెం తోసేశాడు. ఆ పళ్లెం ఎత్తి, నేల తుడిచి, శ్రుతిని చంకనేసుకుని హారతి సంగనకల్లులో అమ్మ దగ్గరికి పోయింది. ప్రమీలమ్మ ముందు అన్నం పెట్టింది. తిన్నాక చెప్పింది. "వాడు నా చంకలో పెరిగినోడే. వాని కోపం నాకు తెల్దా? పాలు పొంగినట్ల పొంగుతాది, దిగుతాది. నాకు ఉండేది ఒక్కడే తమ్ముడు. నువ్వు నా కూతురివి, నా మాట వింటావు." ఆమె ముందే ఫోన్ చేసింది. "తమ్ముడూ, పొద్దున పంపిస్తా. ఏమీ అనొద్దప్పా, ఇంగ చాలు." హారతి సత్యనారాయణపేట చేరేసరికి తను అమ్మతో చెప్పిందంతా హనుమమ్మకు తెలుసు. వీధిలో మిగతా ఆడవాళ్లు అలిగి పుట్టింటికి పోతారు, నాలుగు రోజులుండి వస్తారు. హారతి పుట్టిల్లు మొగుడి అక్క ఇల్లు.

అమ్మకు తన మీద ప్రేమ తక్కువని ఇన్నేళ్లుగా ఆమె అనుకుంటూ వచ్చింది. బొమ్మలో ప్రేమకు గుర్తు లేదు. అమ్మ నుంచి విక్రమ్‌కు గీత ఉంది. అమ్మ నుంచి తనకు గీత ఉంది. ఆ రెండింటిలో ఒకటి పట్టుకోమంటే అమ్మ మొదటి గీతను పట్టుకుంది. హారతి కాగితం చాలాసేపు చూసింది. తర్వాత బొమ్మ కింద శ్రుతి పేరు రాసి, అక్కడ నుంచి జీవన్‌కు ఒక పెళ్లి గీత గీసి చూసింది. అది కూడా ఏటవాలుగానే పైకి పోయింది. శ్రుతి పైన తను ఉంది. జీవన్ పక్కన తనే ఉంది.

ఆ గీత అప్పటికే ఇంట్లో మాటల్లో ఉంది. శ్రుతికి పదిహేడేళ్లు, రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. జీవన్‌కు ఇరవై తొమ్మిది. మాట ఇప్పుడు అనుకుని, పద్దెనిమిది నిండాక పెళ్లి చేద్దామని విక్రమ్, ప్రమీలమ్మ అనుకున్నారు. శ్రుతి తల్లితో, "మామ నాకు సైకిల్ నేర్పిచ్చినాడమ్మా. పడితే మోకాలికి మందు పూసినాడు. ఆయన్ని ఎట్ల చేసుకోవాల?" అంది. జీవన్‌ను ఎవరూ అడగలేదు. అతని మనసులో ఏముందో హారతికి తెలియదు.

శుక్రవారం సాయంత్రం నడవలో కూర్చుని ఆదివారం ఏర్పాట్లు మాట్లాడుకున్నారు. రెండు చాపలు ఎదురెదురుగా వేయాలి. పిల్లోని వైపు ప్రమీలమ్మ, ఆమె భర్త నారప, జీవన్. పిల్ల వైపు విక్రమ్, హనుమమ్మ.

"హారతి ఈ వైపు. పిల్ల తల్లి గదా" అన్నాడు విక్రమ్.

"పిల్లోని అక్క గదప్పా" అంది హనుమమ్మ. "పిల్లకు బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చేది పిల్లోని అక్కే. ఆ వైపు కూర్చోవాల."

"అయితే ఇచ్చేదీ ఇదే, తీసుకునేదీ ఇదే. మధ్యలో కూర్చోబెడదాం తియ్యి."

"ఇది కూర్చుంటే కాఫీలు ఎవరిస్తారు? యాడా వద్దు. సుమ్నె, ఊరికే వంటింట్లో ఉంటాది, పిలిచినప్పుడు వస్తాది."

విక్రమ్ పెద్దగా నవ్వాడు. హారతి గ్లాసులు తీస్తూ, "ఆదివారం నాకు పరీక్ష ఉండాది మామా" అంది. చిన్నప్పటి నుంచి ఆమె అతన్ని మామా అనే పిలుస్తుంది.

"మూడు గంటల పరీక్షకు మూడు తరాల సంబంధం చెడగొట్టుకుంటామా?" అన్నాడు విక్రమ్.

"పరీక్ష రెండు గంటలే" అంది హారతి. అప్పటికే వాళ్లు మిరపకాయ బజ్జీల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఎదురెదురు వరుసల ప్రశ్నలు ఆమె కొన్ని వందలు చేసింది. వాటిలో ఒక మనిషి రెండు వరుసల్లోనూ తేలితే, ఇచ్చిన వాక్యాల్లోనే ఎక్కడో తప్పుందని హొన్నప్ప సార్ చెప్పేవాడు. దానితో కుస్తీ పట్టొద్దు, వదిలేసి పక్క ప్రశ్నకు పో అనేవాడు.

శనివారం చివరి నమూనా పరీక్ష రాసి, శిక్షణ కేంద్రం మెట్ల మీద నిలబడి హారతి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఒక మాట అడుగుతా. రేపు పెండ్లయినాక జీవన్ శ్రుతిని అనరాని మాట ఏమన్నా అన్నాడనుకో. అది ఏడ్చుకుంటా ఎవరి కాడికి వస్తాది?"

"నీ కాడికే. ఇంగెవరి కాడికి పోతాది?"

"నేనేమంటా?"

జవాబు హారతే చెప్పింది.

"నా కండ్ల ముందర పెరిగినోడే, వాని కోపం నాకు తెల్దా అంటా. పొద్దున పంపిస్తా అని వానికి ఫోన్ చేస్తా. నువ్వన్నదే అంటానమ్మా. నాకు ఇంగో మాట రాదు."

"ఏందే ఇది? ఎప్పటి మాటో ఇప్పుడు తీస్తాండావు."

"పాతది తీయలేదు. రేపటిది చెప్తాండా. నాకు తమ్ముడంటే ప్రాణం. అందుకే శ్రుతిని వానికి ఇయ్యను. కంటోన్మెంటు కాలేజీలో పరీక్ష. పోతా. అది నాతో వస్తాది."

"మీ మామ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

ప్రమీలమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ఆటో కాలేజీ ముందు ఆగింది. హారతి గడియారం, గాజులు, ఫోన్ తీసి శ్రుతికి ఇచ్చింది. "మీ నాన్న చేస్తే ఎత్తొద్దు. ఈ గేటు కాన్నుంచి యాడికీ పోవద్దు" అంది. శ్రుతి, "రక్తసంబంధాలవి చివర్లో చెయ్యమ్మా" అంది. హారతి సరేనంది కానీ వాటినే ముందు చేసింది. మూడు వచ్చాయి. మొదటిదాంట్లో ఒక స్త్రీ ఒక ఫోటో చూపించి, ఈమె నా భర్త అత్తగారికి ఒక్కతే కూతురు అంటుంది. హారతి దారి గీసింది. ఆ స్త్రీ చూపించింది తన ఫోటోనే. మూడూ రాసి పేజీ తిప్పింది. అవి ఒప్పో తప్పో కీ విడుదలయ్యే దాకా తెలియదు.

బయట జరిగింది తర్వాత శ్రుతి చెప్పింది. పదకొండు దాటాక తండ్రి నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. ఆమె ఎత్తలేదు. కాసేపటికి ఒక ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ప్రమీలమ్మ దిగింది. కార్యానికి కట్టుకున్న పట్టుచీరలోనే ఉంది. ఆమె వెంట నారప గానీ జీవన్ గానీ లేరు.

"మీయమ్మ లోపలుండాదా?"

"ఉండాది అవ్వా. పన్నెండున్నరకు వదుల్తారు. నేను ఇంటికి రాను."

"రమ్మన్నానా?" అని ప్రమీలమ్మ ఆమె పక్కన గోడ నీడలో కూర్చుంది. "ఏమన్నా తిన్నావా?"

"లేదు."

ప్రమీలమ్మ లేచి బండి దగ్గరికి పోయి అరటిపండ్లు కొనుక్కొచ్చింది. శ్రుతి ఒకటి తినేలోపు ఫోన్ మళ్లీ మోగింది. ప్రమీలమ్మ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. విక్రమ్ గొంతు పక్కన కూర్చున్న శ్రుతికి వినిపించింది. "యాడుండావే? అందరూ వచ్చి కూర్చోనుండారు, అక్క కూడా కనపడల్యా, నా మర్యాద ఏంగావాల?" అతను అరవడం ఆపేదాకా ప్రమీలమ్మ ఆగింది.

"హారతి వాళ్లమ్మను మాట్లాడుతాండా. చెప్పప్పా" అంది.