కిటికీకి రెండో అద్దం

"వాళ్ళొచ్చేలోపు కిటికీల దగ్గరున్నవన్నీ తీసెయ్, టామ్," అని భార్యకి చెప్పి గారెత్ పొద్దున్నే కారెక్కి వెళ్ళిపోయాడు. తీసెయ్యడమంటే పాప నెల్ పాలసీసాలు, జ్వరం మందు, ఆరేసిన చిన్న మేజోళ్ళు, అత్తగారు మార్జరీ ఇచ్చిన పింగాణీ కుక్క. టామ్సిన్ పది నెలల పాపని చంకన వేసుకుని ఒంటి చేత్తో ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టింది. ఇల్లు రెండొందల ఏళ్ళనాటిది. పాత కిటికీలు మార్చడానికి కౌన్సిల్ ఒప్పుకోదు. అందుకని వాటిని అలాగే ఉంచి, లోపలివైపు పక్కకి జరిపే ఇంకో అద్దం బిగిస్తారు. దాంతో చలి ఆగుతుంది, శబ్దమూ ఆగుతుంది. గారెత్‌కి కావలసింది శబ్దం ఆగడం.

ఆ శబ్దం సందుకవతల చర్చి గోపురంలోది. అక్కడ ఆరు గంటలు, ఆరు తాళ్ళు, ఒక్కో తాడుకీ ఒక్కో మనిషి. అన్నిటికన్నా చిన్నదీ, వరసలో అన్నిటికన్నా ముందు మోగేదీ మొదటి గంట. పన్నెండో ఏటి నుంచి దాని తాడు టామ్సిన్‌దే. కాలేజీ రెండో ఏడు సగంలో ఉండగా నెల్ కడుపున పడింది. చదువు అక్కడే ఆగిపోయింది. ఏమాటకామాట, జీవితంలో ఆమె పూర్తిగా నేర్చుకున్నది ఆ తాడొక్కటే. అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. గోపురంలో గంటలవాళ్ళకి పెద్ద అయిన పాస్కో ఒక్కటే అడిగేవాడు: "చెవి ఇక్కడుందా, ఇంటి దగ్గర వదిలేసొచ్చావా?" అని. నెల్ పుట్టిన రెండు నెలలకి మళ్ళీ వెళ్తానంటే గారెత్ నవ్వాడు. "పిల్లని నిద్రపుచ్చేదీ నువ్వే, గంటలు కొట్టి లేపేదీ నువ్వేనా?" అన్నాడు. మార్జరీ కేకు కోస్తూ, "పసిపిల్ల తల్లికి ఇంట్లో ఉన్న మోత చాలదా, అమ్మాయ్?" అంది. ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అదే ఆమె కర్మ, ఎవరేమన్నా ముందు సబబుగానే తోస్తుంది, గుండెలో ముల్లు తర్వాతెప్పుడో తెలుస్తుంది. పైగా ఆమెకి భయాలెక్కువ. నెల్ ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే తల్లి, ఆ నిద్రని తన చేత్తోనే చెడగొడుతుందా?

అప్పటి నుంచి అక్కడ ఐదు గంటలే మోగుతున్నాయి. ఐదుగురే ఉన్నారు మరి. ప్రతి మంగళవారం సాయంత్రం ఏడున్నరకి, సాధన మొదలయ్యే వేళకి, టామ్సిన్ కావాలనే గిన్నెలు మిగుల్చుకునేది. కిటికీ రెక్క జానెడు పైకి లేపి, వరస మొదట్లో తన గంట మోగవలసిన చోట చెంచాతో పళ్ళెం అంచు మీద మెల్లగా కొట్టేది. టింగ్. వెనకే ఆ ఐదూ దిగొచ్చేవి. మళ్ళీ టింగ్. అలా ముప్పావుగంట. వారమంతటికీ ఆమెదంటూ ఉన్నది ఆ ముప్పావుగంటే.

తొమ్మిదింటికి అద్దాలాయన డెస్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. కొలతలన్నీ చూసుకుని టీ కప్పు అందుకున్నాడు.

"ఇలాంటి పనికి ఇది నాకు మూడో ఊరు," అన్నాడు. "చర్చి పక్కనే ఇల్లు తీసుకుంటారు, తర్వాత గంటలు మోగుతున్నాయని నాకు ఫోన్ చేస్తారు. మా ఆవిడ మంచం మధ్యలో ఓ అద్దం బిగించమంటోంది, నా గురకకి."

టామ్సిన్ నవ్వి, వెంటనే అడిగింది. "పూర్తిగా ఆగిపోతుందా?"

ఆ గొంతులోని భయాన్ని ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "బెంగపెట్టుకోకు తల్లీ. నాలుగంగుళాలు ఖాళీ వదులుతున్నా. మధ్యలో గాలి కదలదు. అది కదలకపోతే శబ్దం దాటదు. పాప హాయిగా పడుకుంటుంది."

కదలని గాలి అంటే ఏమిటో టామ్సిన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

నాలుగింటికల్లా పని అయిపోయింది. డెస్ వెళ్ళాక ఆఖరి అద్దం ఆమే జరిపి మూసింది. సందులో పోతున్న సైకిలు, గోపురం మీది కాకులు, ఎవరిదో దగ్గు, అన్నీ ఒక్కసారిగా కత్తిరించినట్టు పోయాయి. ఫ్రిజ్ గురగుర మిగిలింది. తన ఊపిరి తనకే వినబడింది.

అది మంగళవారమే. గారెత్ వచ్చాడు, భోజనం చేశాడు, నెల్ నిద్రపోయింది. ఏడున్నరకి ఎదురుగా గోపురం కిటికీలో దీపం వెలిగింది. టామ్సిన్ చెంచా పట్టుకుని నిలబడింది. ఎక్కడో దిండు కింద గడియారం కొట్టుకుంటున్నట్టు ఒక అదురు, అంతే. ఏది మొదలో ఏది చివరో తెలియలేదు. ఎక్కడ కొట్టాలో తెలియక చెంచా గాల్లోనే ఉండిపోయింది.

"విన్నావా?" గారెత్ సంబరంగా అన్నాడు. "ఏమీ లేదు!"

ఆమె చెంచా కింద పెట్టి మేడ మీదికి వెళ్ళింది. నెల్ ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా, తీరిగ్గా ఊపిరి. ఎదురుగా ఐదు గంటలు మోగుతున్నాయి, పాప రెప్ప కూడా కదపలేదు. టామ్సిన్ చాలాసేపు అలాగే చూసింది. తర్వాత కిందికి దిగి ఏప్రన్ విప్పింది.

"పాప లేవలేదు," అంది.

"లేవదు. అందుకేగా పెట్టించింది."

"గంటలకి ఇంక లేవదన్నమాట."

"లేవదంటున్నాగా."

"అయితే నేను వెళ్ళొస్తాను. మంగళవారం కదా."

గారెత్‌కి అర్థం కావడానికి కాస్త పట్టింది. ఆమె కోటు తొడుక్కుంటోంది. "టామ్, ఆకలికో దేనికో లేస్తేనో? నాకేం తెలుసు?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. గోరువెచ్చగా చాలు. నాకూ ఎవరూ నేర్పలేదు, గారెత్."

తలుపు తియ్యగానే ఐదు గంటలూ ఒంటి మీద వానలా పడ్డాయి. గోపురం మెలికల మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి పాస్కో "ఆపండి" అన్నాడు. ఆమెని చూశాడు. గోడ మేకుకి చుట్టి ఉన్న మొదటి గంట తాడు విప్పి, దాని మీద చేత్తో పట్టుకునే ఎర్రనీలి ఉన్ని కుచ్చు ఆమె వైపు తోశాడు. కుచ్చు ఇంకా మెత్తగానే ఉంది. చేతులే బిరుసెక్కాయి.

మోగించేముందు అందరికీ హెచ్చరిక పలకవలసింది మొదటి గంట పట్టుకున్నవాళ్ళే. అది ఆనవాయితీ. ఐదు జతల కళ్ళు ఆమె వైపు చూస్తున్నాయి.

"చూసుకోండి," అంది టామ్సిన్. "మొదటి గంట కదులుతోంది."

లాగింది. ఆరు గంటలూ ఊరంతా వినబడ్డాయి, ఆ ఒక్క ఇంట్లో తప్ప.