ఎర్ర స్టిక్కర్

అక్క రిటైరయ్యే ముందురోజు టీషర్టుల పెట్టె వచ్చింది. తెరవగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. బట్టల ఫ్యాక్టరీలో మా చెకింగ్ టేబుల్‌కి పెద్ద దిక్కు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ చేతికింద ఆరుగురం చొక్కాలు తనిఖీ చేస్తున్నాం. లోపం దొరికితే ఎర్ర స్టిక్కర్ అంటిస్తాం. అది పడిన బట్ట గేటు దాటకూడదన్నది అక్క పెట్టిన నియమం. మేనేజరు వచ్చి బతిమాలినా దాటలేదు. అలాంటి మనిషికి ఇచ్చే టీషర్టుకి వంక పెట్టే వీలుండకూడదని నా పట్టుదల. మా దగ్గర ప్రింటింగ్ లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఏడు చేయించాను, ఆవిడకొకటి, మాకు ఆరు. ఛాతీమీద "అక్క కళ్ళు గప్పలేరు" అని.

ఫోన్‌లో చూసినప్పుడు దిట్టంగా కనిపించిన బట్ట చేతికొచ్చేసరికి ఉల్లిపొర. వెలుతురులో పెడితే నా వేళ్ళు కనిపించాయి. మెడపట్టీ లాగితే సాగింది కానీ మళ్ళీ వెనక్కి రాలేదు. తడిగుడ్డతో పదిసార్లు రుద్దాను. సగం అక్షరాలు గుడ్డకి అంటుకుని వచ్చేశాయి.

అక్కడితో ఆపితే నేను నేనెందుకవుతాను? రెండోదీ రుద్దాను. మూడోది గోటితో గీకాను. ఒక్కటైనా బాగుంటుందేమోనన్న ఆశ కొంత, కసి కొంత. ఏడూ అయ్యాక ఫొటోలు పంపి, కంపెనీకి ఫోన్ చేశాను.

"మేడమ్, ఇవి వాడేసినట్టున్నాయి కదా," అన్నాడు అవతలివాడు.

"వాడలేదు బాబూ, పరీక్ష చేశాను."

"ఏడూనా?"

"ఏడూ."

"ఒకటి చేసి ఆపుంటే అన్నీ మార్చేవాళ్ళం మేడమ్. ఇప్పుడు కుదరదు. మా సేవకి రేటింగ్ ఇస్తారా?"

నేనేమన్నానో ఇక్కడ రాయలేను.

మర్నాడు ఇవ్వడానికి ఇంకేమీ లేక వాటిలోనే ఒకటి అక్క చేతిలో పెట్టాను. మా టేబుల్ వాళ్ళు ఐదుగురూ నన్ను నమిలేసేలా చూశారు. అక్క టీషర్టు మడత విప్పింది, అలవాటుగా లోపలివైపు తిప్పింది, కుట్లు చూసింది, మెడ లాగింది.

"ఎన్ని టెస్ట్ చేశావే?"

"ఏడూ అక్కా."

"లాటుకి ఒకటి చాలని మొదటిరోజే చెప్పాను కదే!"

"కోపమొచ్చింది."

"నీకెప్పుడు రాలేదు కనుక!"

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క సొరుగు లాగి, ఎర్ర స్టిక్కర్ తీసి, టీషర్టు ఛాతీమీద అంటించింది. తర్వాత దాన్ని వేసుకున్న బట్టల మీదే తొడుక్కుంది.

"ఎలా ఉన్నాను?"

"దరిద్రంగా ఉంది," అన్నాను. ఏడుపొచ్చేసింది.

పని ముగిశాక గేటుదాకా సాగనంపాం. వాచ్‌మన్ స్టిక్కర్ చూసి, "అక్కా, మీ రూలే!" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. గేటుకి ఇవతలే ఆగి నావైపు తిరిగింది.

"రేపట్నుంచి టేబుల్ నీది. పంపమంటావా, ఆపమంటావా?"

నేను ముందుకెళ్ళి స్టిక్కర్ పీకాను. దానితో పాటు ఇంకో రెండు అక్షరాలు ఊడొచ్చాయి. అక్క నా భుజం తట్టి గేటు దాటింది.

పద్దెనిమిదేళ్ళలో మా టేబుల్ నుంచి లోపంతో బయటికి పోయిన బట్ట అదొక్కటే. తెలిసి తెలిసి పోనిచ్చింది నేనే.